అత్తమ్మ దిగనన్న గుంత

మా ఇంట్లో ఎవరికీ ఈత రాదు. అయినా కరోనా రెండో ఏడు, సూరత్ పక్కన జోల్వాలో, మా ఇంటి వెనక ఈతకొలను కట్టుకున్నాం. ఇంకో నాలుగు సాంచాలు, అంటే మరమగ్గాలు, పెట్టుకుందామని వదిలిన జాగా అది. ఆ ఏడు ఉన్న సాంచాలే సగం రోజులు మూతపడి ఉంటే కొత్తవాటి మాట ఎవరెత్తుతారు?

కారణం మా అత్తమ్మ మోకాళ్లు. సొంత ఊళ్లో ఉన్నన్నాళ్లూ రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టింది, సూరత్ వచ్చాక సాంచాల మధ్య నిలబడి దారాలు అతికింది. రెండు ఊళ్లూ కలిసి ఆమె మోకాళ్లను అరగదీశాయి. గోడ పట్టుకుని నడిచే మనిషి ఆ చలికాలానికి మంచం నుంచి కుర్చీకి, కుర్చీ నుంచి మంచానికి వచ్చేసింది. సూరత్‌లోని ఉధ్నాలో మేం చూపించుకునే తెలుగు డాక్టరు ఆపరేషన్‌కి ఇది సమయం కాదన్నాడు. "ఛాతీ లోతు నీళ్లలో రోజూ నడిపించండి. బరువు మోకాళ్ల మీద పడదు. ఇప్పుడు కదలకపోతే మాత్రం ఇంక మంచమే" అన్నాడు. తీరా చూస్తే కరోనాకని సూరత్‌లో ఈతకొలనులన్నిటికీ తాళాలు.

"మనమే కట్టుకుందాం" అన్నాడు మా ఆయన. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. ఆ సాయంత్రమే ఫోన్లో నీలం టైల్సు చూపించి, ముదురుదా లేతదా అని అడిగాడు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నాను. అయినా లేతదే బాగుందని చెప్పాను.

నాకు ప్రశ్నలెక్కువ. పుట్టగానే నేను ఏడవలేదని, ఎందుకు పుట్టించావని అడిగానని మా అమ్మ దెప్పుతుండేది. ఉధ్నాలో పుట్టి పెరిగినదాన్ని, ఈతకొలనును ఒక్కసారే, అదీ హోటల్ అద్దంలోంచి చూశాను. నీళ్లు నేల తాగెయ్యదా? అన్నేసి నెలలు నిలవుంటే పాచి పట్టదా? దాహోద్ నుంచి వచ్చిన మేస్త్రీని రోజూ ఇవే అడిగేదాన్ని. అతను హిందీలో మొదలుపెట్టి గుజరాతీలోకి జారిపోయేవాడు. ఇక్కడి నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది కాబట్టి ముందు దాన్నంతా తీసి మొరం నింపాలన్నాడు. దానికంటే వింత మాట ఇంకొకటి చెప్పాడు. వానాకాలం వచ్చేలోగా కొలను నింపెయ్యాలట. లేకపోతే భూమిలో ఊరిన నీళ్లు ఖాళీ కొలనును కిందనుంచి పైకి నెట్టేస్తాయట.

సిమెంటు తొట్టి తేలడమేమిటి! నమ్మలేక, బకెట్ నీళ్లలో ఖాళీ స్టీలు గిన్నె పెట్టి అరచేత్తో నొక్కాను. చెయ్యి తియ్యగానే పైకొచ్చింది. గిన్నె నిండా నీళ్లు పోశాను, బుద్ధిగా అడుక్కి పోయింది. నీళ్లనుంచి కాపాడాలంటే నీళ్లే పొయ్యాలన్నమాట. ఆ సంగతి ఇంటికొచ్చిన పాలవాడితో సహా అందరికీ చెప్పాను.

తవ్వకానికి ముందు లోతు తేల్చాలి. కొలను అత్తమ్మ ఛాతీ వరకే ఉండాలి. ఆమె నిటారుగా నిలబడలేదు కాబట్టి మా ఆయన ఆమెను మంచం మీద పడుకోబెట్టి మడమ నుంచి ఛాతీ దాకా టేపు పరిచాడు.

"ఏందిరా, పండవెట్టి కొలతలు తీస్తున్నవ్?" అంది అత్తమ్మ.

"నీ కోసమేనే అమ్మా, జర కదలకు" అన్నాడు ఈయన.

మర్నాడు జేసీబీ వచ్చింది. అది రొద చేస్తుండగా ఊరినుంచి అత్తమ్మ చెల్లెలు ఈయనకు ఫోన్ చేసింది. ఏం చేస్తున్నావురా అని అడిగింది. ఈతకొలనుకు మా ఇంటి తెలుగులో మాట లేదు. ఆయన గట్టిగా అరిచి చెప్పిన జవాబు నేను నా చెవులారా విన్నాను.

"అమ్మ కోసం ఇంటెనక గుంత తవ్విపిస్తున్న చిన్నమ్మా! మల్ల మాట్లాడ్త!"

ఫోన్ పెట్టేశాడు.

అవి ఏ ఫోన్ మోగినా చావు కబురే అనుకునే రోజులు. ఎద్దు ఈనిందంటే దూడను గాటన కట్టెయ్యమనే రకం మా చిన్నత్త. కాసేపటికి అత్తమ్మ ఫోనే మోగింది. ఎవరెత్తితే వాళ్లతో ఏడుద్దామని చేసినట్టుంది. ఎత్తింది అత్తమ్మే. అవతలినుంచి శోకాలు. మా అక్క బంగారమని, మా అక్క చెయ్యి పెడితే పచ్చిపులుసు కూడా అమృతమని. అత్తమ్మ మొత్తం విని, ఆఖరికి అడిగింది.

"ఎవరు పోయిండ్రే?"

"మా అక్క..."

"నీకు అక్కను నేనొక్కదాన్నే గదనే! బతికున్నప్పుడు ఒక్కనాడన్న నా పులుసు మంచిగున్నదన్నవా?"

అవతల ఫోన్ కింద పడ్డ చప్పుడైంది. మేమందరం కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాం. అత్తమ్మ అందరికంటే ఎక్కువ నవ్వింది. ఆ నవ్వు చూసి ఆ సంగతి అంతటితో అయిపోయిందనుకున్నాను. మర్నాడు పొద్దున చాయ్ ఇస్తుంటే, కిటికీలోంచి ఆ తవ్విన చోటునే చూస్తూ అంది.

"పిల్లా, ఆ గుంతల నేను దిగ."

హాస్యానికంటోందనుకున్నాను. కాదు. పండబెట్టి కొలిచినప్పుడే ఆమె మనసు కీడు శంకించిందట. చెల్లెలి శోకంతో అది గట్టిపడింది. మా ఆయన బతిమాలాడు. గుంత కాదమ్మా, హౌజు అన్నాడు. కుంట అన్నాడు. స్విమ్మింగ్ పూల్ అన్నాడు.

"పేరు మారిస్తే గుంత పూడ్తదారా?" అంది.

నాకు ఒళ్లు మండింది. ఎవరి కోసం ఇదంతా? ఆమె ముందే గిన్నెలు గట్టిగా పెట్టాను కూడా. కానీ ఆమె కుర్చీలోంచి లేవబోయి లేవలేక, నేను చూశానేమోనని నా వైపు ఓరగా చూసినప్పుడు కోపం పోయి భయమేసింది. ఆ మనిషిని మంచంలో చూడటం నావల్ల కాదు. మా అమ్మ పోయాక నాతో సరిసమానంగా పోట్లాడే ఆడదిక్కు ఆమే.

పని మాత్రం ఆగలేదు. సగం కట్టిన కొలనును వానకు వదలలేం. ఇనుప చువ్వలు దిగాయి గానీ మేస్త్రీ నాలుగు రోజులు ఊరికి పోయాడు. వట్టి చేతులతో కూర్చోవడం మా ఆయనకు చేతకాదు. చువ్వలు అడ్డంగా నిలువుగా ఒకదానిమీదొకటి పరిచి తీగతో కట్టడం అంతకుముందు చూశాడు కదా, ఇంతేగా అని తనే మొదలుపెట్టాడు. మేస్త్రీ వచ్చి చూసి నెత్తి పట్టుకున్నాడు. ఈయన చువ్వలను పరచలేదు, నేశాడు! నిలువువి పడుగు, అడ్డంవి పేక. ఒకదాని పైనుంచి, ఇంకోదాని కిందనుంచి వంచి వంచి దూర్చాడు.

"సేఠ్, యే కపడా బునా హై క్యా?" అన్నాడు మేస్త్రీ. బట్ట నేశావా అని.

ఇట్లయితే గట్టిగా ఉంటుంది కదా అంటాడు ఈయన. వంగిన చువ్వలు సిమెంటు దాటి పైకి తేలతాయని మేస్త్రీ అన్నీ విప్పించాడు. ఈ వంశం చేతికి ఏదిచ్చినా నేసేస్తుందని నేను ఆటపట్టించాను. కిటికీ దగ్గర అత్తమ్మ కూడా కిసుక్కుమంది. ఆ నవ్వు ఎందుకో నా మనసులో ఉండిపోయింది.

వానలకు ముందే లేత నీలం టైల్సు పడ్డాయి, నీళ్లు నిండాయి. దిగేందుకు ఒక పక్క వెడల్పాటి మెట్లు, పట్టుకోడానికి కమ్మీ. అన్నీ ఉన్నాయి, దిగే మనిషి తప్ప. సాయంత్రాలు ఆమె కుర్చీని గట్టు దాకా తెచ్చేవాళ్లం. చల్లగాలికి కూర్చునేది, కాలు మాత్రం పెట్టేది కాదు.

ఒక సాయంత్రం నేను వలతో ఆకులు తీస్తూ, నిజంగా తెలియకే అడిగాను.

"అత్తమ్మా, ఊళ్లో చేతిమగ్గానికి కూడా గుంత ఉండేదట కదా. మామయ్య అందులోనేనా కూర్చునేది?"

"గుంతల ఎందుకు కూసుంటడే? గట్టు మీద కూసుంటుండె. కాళ్లు గుంతల ఉంటుండె."

"ఎందుకూ?"

"కింద తొక్కుడు పలకలుంటయి గద. ఒకటి తొక్కితే సగం దారాలు మీదికి లేస్తయి, రెండోది తొక్కితే కడమయి లేస్తయి. నేల తేమకు నూలు తెగదు."

నేను మరమగ్గాలు తప్ప చూసినదాన్ని కాదు. వల పక్కన పడేశాను. ఎంత లోతు? రెండు కాళ్లూ ఒకేసారి ఆడించాలా? ఆడవాళ్లు కూడా నేసేవాళ్లా?

"మా ఇంట్ల ఆడోళ్లు మగ్గం గుంతల కాలు వెట్టొద్దు. కండెలు చుట్టియ్యాలె, గంతే." కొడుకు దగ్గర్లో లేడని చూసుకుని గొంతు తగ్గించింది. "మీ మామ బట్ట అప్పజెప్పనీకి పోయిన దినాన దిగేదాన్ని. జానెడు నేసి లేస్తుంటి. వచ్చినంక ఆయన అదే బట్ట మీద నేస్తుండె. ఏది ఆయనదో, ఏది నాదో సచ్చేదాక తెల్వలే ఆయనకు."

"ఎట్లా తొక్కేదానివి? చూపించవూ?"

కుర్చీలో కాళ్లు ఆడించింది. ఇట్ల గాదు, కాళ్లు వేలాడాలె అంది. నా భుజం పట్టుకుని గట్టు మీదికి జరిగి, మెట్ల పక్కన కాళ్లు నీళ్లలోకి జారవిడిచింది. కుడి పాదం, ఎడమ పాదం. చీర కుచ్చిళ్లు నీళ్లమీద ఉబ్బాయి. ఒక్క మాట ఎక్కువైనా కాళ్లు పైకి తీసేస్తుందని నా నోటికి తాళం వేసుకున్నాను. నా జన్మలో అంత కష్టమైన పని ఇంకోటి చెయ్యలేదు.

"గిట్ల గాదు. పలకలు ఇంకింత కిందికుండాలె" అని పాదంతో వెతుకుతూ మొదటి మెట్టుకు జారింది. అక్కడా అందలేదు. రెండో మెట్టు. కమ్మీ పట్టుకుంది. నేను చీరతోనే పక్కన దిగిపోయాను. నీళ్లు నడుము దాటి ఛాతీకి వచ్చాక ఆగి, కిందికి చూసుకుంది.

"పలకలు లేవే పిల్లా" అంది. "గని కాళ్లు నొస్తలేవు."

నాకు ఏడుపొచ్చింది. ఆమె నన్ను పట్టించుకోలేదు. "చిన్నదానికి ఫోన్ కలుపు" అంది. గట్టు మీద ఉన్న ఫోన్ అందుకుని కలిపి ఇచ్చాను.

"ఏమే, నేను. ఆఁ, గుంతలనే ఉన్న. శోకం వెట్టకు, నీళ్లు మంచిగున్నయి. మన మగ్గం గుంత ఎంత లోతుండె, యాదికున్నదా నీకు? అంత గాదే, గింత!"

అప్పుడు గమనించాను. ఒక చేతిలో ఫోన్ ఉంది. రెండో చెయ్యి కమ్మీని ఎప్పుడో వదిలేసి, ఫోన్లో కనపడని చెల్లెలికి నీళ్లమీద లోతు కొలిచి చూపిస్తోంది.