క్రాషీ ఆడని ఆట

హాజిల్‌డెన్‌లో డెరిక్ క్రాషా ఎవరని అడిగితే తల గోక్కుంటారు. క్రాషీ అంటే మాత్రం చేపలు వేయించే కొట్టువాడి దగ్గర్నుంచి చర్చి పాదిరి దాకా అందరికీ తెలుసు. ఇంగ్లండులో ఫుట్‌బాల్ ఆడేవాడికి అమ్మానాన్న పెట్టిన పేరు డ్రెస్సింగ్ రూమ్ గుమ్మం దాకానే చెల్లుతుంది. లోపల అడుగుపెట్టగానే సగం పేరు కోసేసి, చివర ఓ దీర్ఘం తగిలించి, అదే పిలుస్తారు. క్రాషీ ఎన్ని ఊళ్ళు మారినా ఎక్కడికక్కడ ఇదే పేరు పెట్టారు. కొత్తది ఆలోచించే శ్రమ ఎవరూ తీసుకోలేదు.

అతను మైదానం నడుమ ఆడేవాడు. గోల్ కొట్టినవాణ్ణి జనం భుజాలమీద మోస్తారు. గోల్ ఆపినవాడికి చప్పట్లు కొడతారు. నడుమ నిలబడి ఒకడి కాళ్ళ దగ్గర బంతి లాక్కుని ఇంకొకడికి అందించేవాణ్ణి ఎవడు చూస్తాడు? వాడు బాగా ఆడినరోజు ఎవరి కంటికీ ఆనడు. చెడగొట్టిన రోజున మాత్రం వెనక వరసలో ముసలాళ్ళు కూడా లేచి నిలబడి తిడతారు. క్రాషీ ఆ తిట్లు పదహారేళ్ళు తిన్నాడు. ఎప్పుడూ లీగులో అట్టడుగు మెట్టయిన నాలుగో డివిజన్, అదృష్టం బాగుంటే మూడో డివిజన్. పేపర్లో అతని పేరు పడింది తక్కువ, పడినప్పుడు అక్షరాలు తప్పుగా పడింది ఎక్కువ.

ఈ ఆటగాళ్ళ బతుకులో జనం ఊహించని కష్టం ఒకటుంది. అది మధ్యాహ్నం. పొద్దున్న సాధన, పన్నెండింటికల్లా స్నానం, ఆ తర్వాత సాయంత్రం దాకా ఏ పనీ ఉండదు. కుర్రాళ్ళు గుర్రప్పందాలకీ బిలియర్డ్స్‌కీ పోతారు. పెళ్ళాం పిల్లలున్నవాళ్ళు ఇంటికి పోతారు. క్రాషీకి పెళ్ళయింది గానీ మూడో ఊరు మారే వేళకి ఆవిడ, నువ్వెళ్ళిరా, నేనిక్కడే ఉంటాను అంది. అతను వెళ్ళాడు, మళ్ళీ రాలేదు. ఆవిణ్ణి తప్పు పట్టడానికేమీ లేదు. ఎప్పుడు సంచి సర్దుకోవాలో తెలియని మనిషితో ఎవరు కాపురం చేస్తారు? అప్పట్నుంచీ అద్దెగదులే. హాజిల్‌డెన్‌లో మిసెస్ టాటర్సాల్ అనే విధవరాలి ఇంట్లో మేడమీది గది. ఆవిడ మంచిదే, నాయనా అనే పిలిచేది. కాకపోతే చెవుడు. మధ్యాహ్నమంతా ఆ చిన్న ఊళ్ళో మార్కెట్టు చుట్టూ తిరిగి, టీ కొట్టులో కిటికీ పక్క కూర్చుని, చల్లారిన టీ ముందు పెట్టుకుని వీధిలోకి చూస్తూ ఉండేవాడు. ఎంతసేపని చూస్తాడు, ఆ వీధిలో ఏముంది గనక!

ఇక వాళ్ళ నాన్న. ఎర్నెస్ట్ క్రాషా ఈశాన్య తీరంలో బొగ్గు గనిలో దిగి పనిచేసి, ఊపిరితిత్తులు పాడుచేసుకుని, ఇంటిపట్టున ఉంటున్న మనిషి. ఆయనకి ఫుట్‌బాల్ అంటే ప్రాణం. అయితే అది తన ఊరి జట్టు ఆడే పెద్ద ఫుట్‌బాల్. శనివారం వచ్చిందంటే ఆయన ఆ మైదానంలోనే ఉండేవాడు, పెళ్ళయినా చావయినా సరే. కొడుకు బడి వదిలాక అతని ఆట మాత్రం ఒక్కటి కూడా చూడలేదు. క్రాషీ మొదట్లో ప్రతి ఏడూ పిలిచేవాడు. మీ నాలుగో డివిజన్ చూడ్డానికి బస్సులో కూర్చుని నడుం విరగ్గొట్టుకోనా అనేవాడాయన. కొన్నాళ్ళకి క్రాషీ పిలవడం మానేశాడు.

అతనికి ముప్ఫై నాలుగో ఏడు నడుస్తున్నప్పుడు, చలికాలం మొదట్లో, హాజిల్‌డెన్ మేనేజరు అతన్ని కోల్డ్‌బెక్ అనే ఊరికి అరువిచ్చాడు. పక్కింటివాళ్ళకి నిచ్చెన అరువిచ్చినట్టు, ఓ నెల్రోజులు వాడుకుని పంపించండని. కోల్డ్‌బెక్ లీగులో కూడా లేని జట్టు. గోల్‌కీపరు పగలు పాలవ్యాను తోలేవాడు.

ఆ దేశంలో చిన్నా పెద్దా జట్లన్నీ కలిసి ఆడే కప్పు ఒకటుంది. దానికో నియమం ఉంది. ఒక ఏడాదిలో ఆటగాడు ఒక్క జట్టుకే ఆ కప్పులో ఆడాలి. ఒక్క నిమిషం మైదానంలో కాలు పెట్టినా ఆ ఏటికి ఆ జట్టుతోనే ముడిపడిపోతాడు. ఇంకొకళ్ళకి ఆడించారా, ఆడించినవాళ్ళని కప్పులోంచి గెంటేస్తారు. అందుకే అరువిచ్చే మేనేజర్లు మావాణ్ణి కప్పులో మాత్రం దింపొద్దని గట్టిగా చెప్పి మరీ పంపుతారు. క్రాషీ గురించి అలా ఎవరూ చెప్పలేదు. కోల్డ్‌బెక్ కప్పు ఆట ముందు అతనే ఫోన్ చేసి అడిగాడు. ఆడితే ఆడుకో, మాకేం, అన్నాడు మేనేజరు. నువ్వు మాకు అక్కర్లేదన్న మాట అందులో ఉందని క్రాషీకి తెలుసు. తెలిసీ మారు ఆటగాళ్ళ బెంచీ మీద కూర్చున్నాడు. ఆటగాడన్నవాడు ఆడమంటే ఆడతాడు మరి. కోల్డ్‌బెక్ నాలుగు గోల్స్ తేడాతో చిత్తుగా ఓడిపోతుండగా, ఆఖర్న వానలో ఎవడికో కాలు బెణికితే ఇతన్ని దింపారు. బంతి రెండుసార్లు కాలికి తగిలిందేమో. ఈల వేశారు, అయిపోయింది.

నెల తిరక్కుండానే హాజిల్‌డెన్‌లో ఆ మేనేజర్ని పీకేశారు. ఫ్రాంక్ మెల్లర్ అనే కొత్తాయన వచ్చాడు. వచ్చీరాగానే క్రాషీని వెనక్కి పిలిపించి నడుమ నిలబెట్టాడు. ఏమైందో ఏమో, ఆ నెలంతా క్రాషీ ఆడిన ఆట అతను జన్మలో ఆడలేదు. వెనక వరస ముసలాళ్ళు తిట్టడం మానేసి, ఈ మనిషి ఇన్నాళ్ళూ ఎక్కడున్నాడని ఒకళ్ళనొకళ్ళు అడుక్కున్నారు. ఆ సంతోషంలో ఉండగానే కప్పు మూడో రౌండులో ఎవరు ఎవరితో ఆడాలో చీట్లు తీశారు. హాజిల్‌డెన్ మీదికి లండన్ నుంచి మొదటి డివిజన్ జట్టు వస్తోంది, అదీ హాజిల్‌డెన్ సొంత మైదానానికి.

ఊరికి పిచ్చెక్కింది. కసాయి కొట్లో సాసేజీల వరసలకి కూడా క్లబ్బు రంగు నీలం రిబ్బన్లు కట్టారు. క్రాషీ మాత్రం క్లబ్బు ఆఫీసువాళ్ళు ఇవాళో రేపో పిలిచి, నీకు కుదరదయ్యా, కోల్డ్‌బెక్‌కి ఆడావు కదా, అంటారని ఎదురుచూశాడు. ఎవరూ పిలవలేదు. పాత మేనేజరు పోతూ పోతూ ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. కొత్తాయన అడగలేదు. పైగా భుజం తట్టి, నడుమ నువ్వే, అన్నాడు. ఒకరోజు గడిచింది, రెండ్రోజులు గడిచాయి. ఆ కాసేపటి ఆట లెక్కలోకి రాదేమోనని ఆశ పుట్టింది. ఆశ పుట్టాక మనిషి మంచీ చెడూ చూసుకుంటాడా? వీధి చివర ఫోన్ పెట్టెలోంచి నాన్న పక్కింటికి ఫోన్ చేశాడు. పెద్దాయన దగ్గుకుంటూ వచ్చి, లండన్ వాళ్ళమీద నువ్వు ఆడుతున్నావా అని రెండుసార్లు అడిగాడు. ఆఖరికి, "సరే, వస్తాలే" అన్నాడు. క్రాషీ ఫోన్ పెట్టేసి ఆ పెట్టెలోనే నిలబడిపోయాడు. బయట ఒకావిడ నాణెంతో అద్దం మీద కొడితే గానీ కదల్లేదు.

శుక్రవారం పొద్దున్న సాధన. ఏ క్లబ్బులోనూ జట్టులో ఎవరున్నారో నోటితో చెప్పరు. కోచ్ చేతుల్లేని పసుపు బనీన్ల కట్ట చంకన పెట్టుకుని వస్తాడు. ఎవడి చేతికి బనీను వచ్చిందో వాడు మర్నాడు ఆడడు. ప్రత్యర్థిలా నటిస్తూ పరిగెత్తి ఇంటికి పోతాడు. కోచ్ దగ్గరికి వస్తుంటే పెద్దపెద్దవాళ్ళు కూడా బూట్ల తాళ్ళు సరిచేసుకున్నట్టు వంగిపోతారు. ఆ రోజు కోచ్ క్రాషీని దాటి వెళ్ళి, పక్కనున్న ఇరవయ్యేళ్ళ టెరీ మీదికి బనీను విసిరాడు. క్రాషీకి కాళ్ళు నేలమీద ఆనలేదు. టెరీ మొహం చిన్నబోయింది. అది చూసి క్రాషీకి జాలి వేయలేదని చెప్పాలి. ఆ క్షణంలో అతనికి రేపు జనం మధ్య కనపడబోయే నాన్న టోపీ తప్ప ఇంకేమీ కనిపించలేదు.

మధ్యాహ్నం ఎప్పట్లాగే మార్కెట్టు చుట్టూ తిరిగాడు. అయితే ఆ రోజు ఊరు అతన్ని వదల్లేదు. కూరగాయలావిడ చేతులు పట్టుకుంది. టీ కొట్టువాడు కప్పు కిందకి కేకు ముక్క జరిపాడు. మిసెస్ టాటర్సాల్ తనకి వినపడని రేడియో పక్కన కూర్చుని నీలం ఉన్నితో మఫ్లరు అల్లుతోంది.  దొరికితే వీళ్ళందరి నోట మన్ను కొట్టినవాణ్ణవుతానని అతనికి అప్పుడు తెలిసింది. వాళ్ళెవరూ తన వాళ్ళు కాదు. వచ్చే ఏడు ఇంకో ఊళ్ళో ఇంకో టీ కొట్టు. అయినా చీకటి పడేవేళకి అతని కాళ్ళు క్లబ్బు వైపే నడిచాయి.

"బాస్, రేపు నేను ఆడకూడదు" అన్నాడు.

భయమేస్తోందా అని నవ్వాడు మెల్లర్. కోల్డ్‌బెక్ సంగతి చెప్పేసరికి ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. ముందు తిట్టాడు, తర్వాత కుర్చీలో కూలబడ్డాడు. ఈ సంగతి తను ముందే చూసుకోలేదని తెలిస్తే వచ్చిన నెల్లోనే తన పరువు గంగలో కలుస్తుంది. కాసేపు ఆలోచించి, తొడ వెనక కండరం పట్టేసిందని చెబుదాం, ఈ గది దాటి మాట బయటికి పోకూడదు, అన్నాడు. క్రాషీ తలుపు దాకా వెళ్ళాక వెనక నుంచి, "కాస్త కుంటుతూ వెళ్ళు" అన్నాడు. థాంక్స్ అన్న మాట ఆయనకి తట్టలేదు.

ఆ అబద్ధం ఇప్పటికీ ఆ ఊళ్ళో బతికే ఉంది. క్రాషీ తర్వాత ఇంకో రెండు క్లబ్బులు మారి, మోకాలు అరిగి, ఆట మానేసి, మళ్ళీ హాజిల్‌డెన్ చేరి ఓ బళ్ళో మైదానం చూసుకునే పనిలో కుదిరాడు. ముసలాళ్ళు కనపడ్డప్పుడల్లా, ఆ రోజు నీ తొడ పట్టెయ్యకపోతేనా, అంటారు. అతను అవునవునంటాడు. అంతకంటే ఏం చెబుతాడు?

ఆ శనివారం పొద్దున్నే నాన్న వచ్చేశాడు. రావద్దని చెప్పడానికి క్రాషీ ముందురోజు సాయంత్రం ఫోన్ పెట్టె దాకా వెళ్ళి, నాణెం చేతిలో పట్టుకుని, వెనక్కి వచ్చేశాడు. పదహారేళ్ళకి వస్తున్న మనిషిని ఎలా వద్దంటాడు? పెద్దాయన బస్సు దిగి, దగ్గు తగ్గేదాకా గోడ పట్టుకుని నిలబడి, కొడుకుని పైనుంచి కిందికి చూశాడు. తొడ పట్టేసిందని క్రాషీ చెప్పాడు. "మంచి రోజు చూసుకునే పట్టిందిరా" అన్నాడాయన.  మైదానం దాకా ఇద్దరూ నడిచే వెళ్ళారు. దారిపొడుగునా జనం క్రాషీ భుజం తట్టి పాపం పాపం అంటుంటే, అతను కుంటడం ఇంకాస్త ఎక్కువ చేశాడు.

ఆటగాళ్ళ ఇంటివాళ్ళు కూర్చునే వరసలో కూర్చున్నారు. నాన్న కాగితం విప్పి, హ్యామ్ పెట్టిన రొట్టె సగం తుంచి కొడుక్కిచ్చాడు. మొదటి సగంలో ఎవరికీ గోల్ రాలేదు. ఊరంతా గొంతులు చించుకుంటోంది. నడుమ క్రాషీ చోట్లో టెరీ ఊపిరాడకుండా పరిగెడుతున్నాడు. విరామంలో క్రాషీ వెళ్ళి పైలని పిలిచే మాంసం కూరిన వేడి రొట్టెలు రెండు తెచ్చాడు. అతను మెట్లెక్కి వచ్చేదాకా చూసి పెద్దాయన నెమ్మదిగా అన్నాడు:

"పొద్దున్న కుడికాలు కుంటావు. ఇప్పుడు ఎడమకాలు కుంటుతున్నావు. నొప్పి దేనికో ముందు తేల్చుకో."

క్రాషీ కూర్చున్నాడు. చేతిలో ఆ వేడి రొట్టె కాలుతున్నా కింద పెట్టకుండా, ఎవరికీ వినపడకుండా, కోల్డ్‌బెక్ నుంచి మెల్లర్ గది దాకా మొత్తం చెప్పేశాడు. రాత్రంతా అతనికి ఒకటే ఆశ. ఊళ్ళో ఎవరికీ తెలియకపోతే పోనీ, ఈ ఒక్క మనిషి నోట మంచి పని చేశావురా అన్న మాట వస్తే చాలు.

నాన్న తన చేతిలోది పూర్తిగా తిని మూతి తుడుచుకున్నాడు. ఆట మళ్ళీ మొదలైంది.

"చెప్పకపోతే దొరికేవాడివా?"

"ఏమో నాన్నా. దొరక్కపోయేవాణ్ణేమో."

"నేనైతే నోరు మూసుకుని ఆడేసేవాణ్ణి."

ఎగతాళేమోనని క్రాషీ ఆయన మొహంలోకి చూశాడు. ఎగతాళి కాదు.

"దొరికితే క్లబ్బునే గెంటేసేవాళ్ళు. ఈ ఊరంతా..."

"గెంటితే గెంటేవాళ్ళు. ఊరు ఏడిస్తే ఏడ్చేది." పెద్దాయన చూపు మైదానం మీదే ఉంది. "అప్పటికి నువ్వు ఆడుండేవాడివి. నేను చూసుండేవాణ్ణి."

ఆట ముగియబోతుండగా టెరీ కాలు జారింది. లండన్ వాళ్ళు ఆ ఖాళీలోంచి దూసుకొచ్చి గోల్ కొట్టారు. జనం లేచి నిలబడ్డారు, మళ్ళీ కూలబడ్డారు. ఆ తర్వాత ఓడినా పరువు నిలిపారని చాలాసేపు చప్పట్లు కొట్టారు. తండ్రీ కొడుకులు కూడా కొట్టారు.

బస్టాండులో నాన్నని ఎక్కించి, క్రాషీ కిటికీ కింద నిలబడ్డాడు. పెద్దాయన ఏదో అనబోయాడు. దగ్గొచ్చింది, ఆ మాట అక్కడే పోయింది. బస్సు కదిలింది. ఆయన ఇంకెప్పుడూ కొడుకు ఆట చూడ్డానికి రాలేదు. క్రాషీ కూడా ఇంకెప్పుడూ రమ్మనలేదు.