ఫ్రిజ్‌కు రెండో కొస

జూన్ నెలాఖరున ఒషావాలో మాంట్రియల్ రైలెక్కాను. పక్క సీట్లో డెబ్బైకి దగ్గరపడిన పెద్దాయన. పేరు లూక్. కార్ల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యారు. ఒళ్లో సామాన్లు మోసే పట్టీలు, తోలు గ్లౌజులు ఉన్నాయి.

"జులై ఒకటిన కెనడా అంతా జెండాలు పట్టుకుంటుంది. మేం క్యుబెక్ వాళ్లం మంచాలు మోస్తాం. అద్దె ఇళ్ల గడువులు ఆ రోజుకే ముగుస్తాయి మరి. మా అన్నయ్య మూడో అంతస్తు నుంచి ఇల్లు మారుతున్నాడు" అన్నారు.

జాతీయ దినాన ఊరు ఊరంతా ఇళ్లు మారుతుందని నేనెప్పుడూ వినలేదు.

"అన్నదమ్ములు బాగా కలిసుంటారన్నమాట" అన్నాను.

ఆయన నవ్వారు. "తొంభై ఐదు రిఫరెండం నుంచి మాటల్లేవు. క్యుబెక్ విడిపోవాలని అన్నయ్య ఓటేశాడు, అప్పట్లో అక్కడే ఉన్న నేను వద్దని వేశాను. కొద్ది తేడాతో మేం గెలిచాం. 'నా దేశాన్ని నా తమ్ముడే పుట్టనివ్వలేదు' అన్నాడు. అదే ఆఖరి మాట."

"ఇప్పుడు ఆయనే పిలిచారా?"

"ఆయనా! వదినతో చెప్పించాడు, ఫ్రిజ్ రెండో కొస పట్టడానికి మనిషి కావాలట. ఆ వీధిలో మగాళ్లే లేనట్టు!"

"వెళ్లి ఏం మాట్లాడతారు?"

"నేనేం మాట్లాడను. మాంట్రియల్‌లో మెట్లు ఇంటి బయట మెలికలు తిరిగి ఉంటాయి. కింది కొస పట్టినవాడు వెనక్కి నడవాలి, మెట్టు కనపడదు. పైనున్నవాడు 'ఇంకొక్కటి, కొంచెం ఎడమకి' అని చెబుతూనే ఉండాలి. కింది కొస నేనే పట్టుకుంటాను."

గ్లౌజులు ఒకసారి తొడిగి చూసుకున్నారు. మాంట్రియల్ ఇంకా నాలుగు గంటల దూరం.