మోకాలెత్తు పెరడు

మా ఇంటి వెనక పెరడును అమ్మ ఏటేటా విత్తనం పెట్టే పని లేకుండా పెంచుకుంది. చుట్టూ వావిలి, గోరింట కంచె. దాని చాటున సీతాఫలం, మునగ, కరివేపాకు. స్నానాల బండ నుంచి పారే నీళ్లకు దొండ తీగ. రాలిన ఆకు ఊడ్వనిచ్చేది కాదు. "మన్నుకు గూడ కప్పుకోనీకి ఏమన్న ఉండాలె గద బిడ్డా," అనేది. ఎండాకాలంలో ఊరంతా ఎర్రదుమ్ము లేచినా మా పెరట్లో మట్టి చల్లగా తగిలేది.

పోలీసు చర్య అయిపోయాక కూడా మా నల్లగొండ పల్లెల్లో గాలింపులు ఆగలేదు. కమ్యూనిస్టు దళంవాళ్లకు అన్నం పెట్టాడన్న అనుమానంతో నాయినను మిలిటరీ క్యాంపుకు పట్టుకుపోయారు. ఆ రోజుల్లోనే ఊరి సుంకరి డప్పు కొట్టుకుంటూ వచ్చాడు.

"ఇండ్ల ఎనుక మనిషి దాగేటంత చెట్టు, కంప ఉండొద్దంట! రేపు మిలిటరోళ్లు వచ్చి చూస్తరంట!"

అమ్మ గొడ్డలి తీసుకుంది. నేను కొమ్మలు లాగి కుప్ప పోశాను. సాయంత్రానికి పొయ్యి దగ్గర నిలబడితే గుట్ట దాకా కనబడింది.

"మొదళ్లు తవ్వమనలే గద. వానలకు ఇగురేస్తయి," అంది అమ్మ.

వానలకు ముందే నాయిన తిరిగొచ్చాడు. మనిషి సగమయ్యాడు. గోడకు ఆనుకుని కూచుంటే ఎవరో లేపేదాకా లేచేవాడు కాదు. తొలకరికి వావిలి మొదళ్ల నిండా చిగుళ్లు లేచాయి. అమ్మ ముఖం చాన్నాళ్లకు తేటపడింది. కంచె నడుమెత్తు పెరిగిందో లేదో, ఒక పొద్దున నాయినే కొడవలితో దాన్ని కొట్టేస్తున్నాడు.

"మల్లెందుకు కొడ్తున్నవయ్యా? ఎవలన్న చెప్పిన్రా?" అని అమ్మ ఉరికింది.

"దాని ఎనుక ఎవలన్న ఉంటే నాకెట్ల ఎరుక?" అన్నాడు నాయిన. "నాకంత కనబడాలె."

అమ్మ కొడవలి లాక్కోలేదు. తెగిన కొమ్మలు ఏరి దొండ మొదట్లో పరిచింది.

ఊళ్లు సద్దుమణిగి, అందరి కంచెలూ మనిషెత్తు లేచినా, మాది మోకాలు దాటలేదు. గాలికి అడ్డు లేక మట్టి ఎండిపోయేది. సీతాఫలం మొదలు చచ్చిపోయింది. అమ్మ పొన్నగంటి, కలబంద లాంటి పొట్టి మొక్కలు పెట్టుకుంది. దొండను పందిరి లేకుండా నేలమీదే పాకించింది. అయినా నీళ్లు రెండింతలు మొయ్యాల్సి వచ్చేది.

"కంచెను జర పెరగనియ్యమని నాయినకు చెప్పరాదే?" అన్నాను ఒకసారి, చూడలేక.

అమ్మ బిందె దించి నడుం పట్టుకుంది.

"మీ నాయినకు ఇప్పుడిప్పుడే నిద్ర పడ్తాంది. నీళ్లేముంది, నేను మోస్త తియ్యి," అని, మళ్లీ బావికి పోయింది.