షేర్ ఆటోలో తేనెటీగల గుడ్లు

మా నిమ్మతోటలోని తేనెటీగల పెట్టెలో రాణి చచ్చిపోయిందని మా ఆయన వచ్చి చెప్పినప్పుడు నేను పప్పుకు తాలింపు వేస్తున్నాను. ముసురు పట్టి అప్పటికి వారం దాటింది. ఆ పొద్దున తెరిపి ఇవ్వగానే ఆయన పెట్టె తెరిచి చూశారట. ఒక్క గుడ్డు లేదు, ఒక్క పిల్ల పురుగు లేదు, రాణి జాడే లేదు.

"పొయ్యిందే. ఇంక ఈ పెట్టె నిలబడదు," అన్నారు, దగ్గరి చుట్టం పోయినంత దిగాలుగా.

రాణి లేకపోతే కొత్త ఈగలు పుట్టవు, ఉన్నవి ముసలివై రాలిపోతాయి. అది నిజమే. కానీ పెట్టె తెచ్చుకున్న నాటి నుంచి ఆయనకు రాణి ఒక్కసారైనా కనబడింది లేదు. నాకు నమ్మకం కుదరక, బిట్రగుంట దగ్గర తోటలో చాలా పెట్టెలు పెంచుతున్న మా పెద్దాడబిడ్డకు ఫోన్ చేశాను.

"రాణి కోసం ఎతకబాకండి," అంది ఆమె. "గుడ్లుండే తేనెపట్టు ఫ్రేము ఒకటి ఇస్తా, మీ పెట్టెలో పెట్టండి. రాణి లేకుంటే ఆ పిల్లల్లోనే ఒకదాన్ని రాణిని చేసుకుంటాయి. దానికోసం వేరుశనక్కాయ మాదిరి గది కిందికి వేలాడేటట్టు కడతాయి. రాణి ఉంటే ఆ ఊసే ఎత్తవు."

మర్నాడే వెళ్లాం. ఆమె ఫ్రేము మీది ఈగలను దులిపి, తడి తువ్వాల్లో చుట్టి, "గాలి తగలనీబాక, వంచబాక," అని నా చేతుల్లో పెట్టింది. బండి మీద కుదుపులకు గుడ్లు పాడవుతాయని మా ఆయన నన్ను షేర్ ఆటో ఎక్కించి, తాను బండి మీద వెనకే వచ్చారు.

ఆటోలో ఒక పెద్దావిడ నా ఒడిలోని తువ్వాలు చూసి జరిగి చోటిచ్చింది.

"ఎన్నో నెలమ్మా?"

"ఇంకా గుడ్లే," అన్నాను ఆలోచించకుండా.

ఆవిడ మెల్లిగా తువ్వాలు అంచు ఎత్తింది. దులపగా మిగిలిన ఈగ ఒకటి బయటికొచ్చి ఆవిడ కళ్లజోడు మీద వాలింది. ఆటో ఆగింది. నేను తప్ప అందరూ దిగారు, డ్రైవరుతో సహా. మా ఆయన పరుగున వచ్చి తువ్వాల్లోకి తొంగిచూసి, "ఏం కాలేదు గదా?" అని అడిగారు. గుడ్లను గురించి.

"వీటి నాయన నువ్వేనా అబ్బయ్యా?" అంది పెద్దావిడ, దూరంగా నిలబడే.

ఫ్రేము మా పెట్టెలో పెట్టి, నాలుగైదు రోజులు ఓపిక పట్టి తెరిచాం. వేరుశనక్కాయ లాంటి గది ఒక్కటీ లేదు. పైగా మా సొంత ఫ్రేములోనే, నూక కన్నా సన్నటి తెల్ల గుడ్లు అరకొకటి చొప్పున నిలబడి ఉన్నాయి. వానలకు పూలు దొరక్క రాణి గుడ్లు పెట్టడం ఆపిందంతే.

ఆడబిడ్డ ఇచ్చిన గుడ్లు కూడా ఈగలై పెట్టెలో కలిసిపోయాయి. నెల తిరిగాక ఒకరోజు మా ఆయన బుగ్గ బూరెలా వాచి ఇంటికొచ్చారు.

"అక్క బిడ్డలు గదా," అన్నాను సున్నం రాస్తూ. "మేనమామ దగ్గర చనువెక్కువ."

ఆయన నవ్వబోయి, బుగ్గ లాగి ఆగిపోయారు.