పదహారు నంబరు గొట్టం

దసరా నాడు పనిముట్లతో పాటు తుపాకికీ పసుపు పూసి, బొట్టు పెట్టి, పొద్దుగూకే ముందు దాంతో ఆకాశంలోకి ఒక్క తూటా కాల్చడం సాతంరాయిలో మా ఇంటి ఆనవాయితీ. కాల్చేది మా బాపు. మిగతా రోజుల్లో అది మక్కచేలో అడవిపందులను బెదిరించడానికి.

తొంభైల్లో, నేను డిగ్రీ చదువుతున్నప్పుడు ఒక దసరాకు దాన్ని తుడిచే పని నా మీద పడింది. ఏటేటా పూసిన పసుపు అట్టలు కట్టి ఉంది. కిరోసిన్ గుడ్డతో రుద్దితే అడుగున ఒక పక్షి ముద్ర, ఏదో జర్మనీ ఊరి పేరు, సున్న చుట్టిన 16 అంకె బయటపడ్డాయి. బాపు వాడేవి పన్నెండు నంబరు తూటాలు.

"పదహారు పట్టేదాంట్ల పన్నెండు పట్టదా? ఏందే నీ పరేషాన్" అన్నాడు బాపు.

నాకూ సబబుగానే తోచింది. అయినా మా ఇంట్లో కిరాయికుండే కోస్తా ఆయన మిలిటరీలో చేసి వచ్చినవాడు కదా అని చూపించాను. ఆయన మొహం మారిపోయింది.

"నంబరు తగ్గేకొద్దీ తూటా లావమ్మా. పదహారువి దొరక్క ఎవరో గొట్టాన్ని లోపల తొలిపించారు. గోడ పల్చబడిపోయింది. ఇక్కడ తడిమి చూడండి."

వేలికి చిన్న ఉబ్బు తగిలింది. సరిగ్గా బాపు ఎడమచేయి పట్టుకునే చోట. వెనక చెక్క కూడా తర్వాత వేసిందేనట, మన టేకు. తాత దాన్ని ఒక నవాబు ఇంటి నుంచి తెచ్చాడని విన్నాను. తొలిపించింది నవాబో తాతో చెప్పడానికి ఇద్దరూ లేరు.

గొట్టం చేతిలోనే పగులుతుందని చెప్పి, పండగనాడు కూడా కాల్చొద్దని బాపును బతిమాలాను. మొండివాడు రాజుకన్నా బలవంతుడన్న మాట మా బాపును చూసే పుట్టి ఉంటుంది.

"ఇన్నేండ్లు పగలనిది ఇయ్యాల పగుల్తదా? ఊరంత చూస్తున్నరు, జర జరుగు" అని తూటా పెట్టాడు. వాకిలి నిండా జనం. కొత్వాల్‌గూడ నుంచి మేనత్త వాళ్లు కూడా వచ్చారు.

ఏడ్చి లాభం లేదని తెలుసు. చేయి చాచాను. "గంత ధైర్యముంటే ఈసారి నేను కొడత. ఇయ్యి బాపు."

నవ్వుతూ ఇచ్చాడు. తుపాకి మడమ భుజానికి ఆనించి, ఎడమచేయి ఆ ఉబ్బు కిందే పెట్టాను. భయంతో కళ్లు మూసుకుపోయాయి. నిజంగా నొక్కేదాన్నో కాదో ఇప్పటికీ తెలియదు. అంతలోనే బాపు తుపాకి గుంజుకున్నాడు. దాన్ని తెరిచి తూటా తీసి జేబులో వేసుకున్నాడు.

"ఇగ కొట్టు పటేలా" అన్నారెవరో.

"ఈ ఏడు లేదు, పోండ్రి" అన్నాడు బాపు. జనమంతా వెళ్లిపోయాక కూడా, పట్టుకున్న నా ఎడమచేయిని ఆయన వదల్లేదు.