దుప్పటి మీది పెర్గమోన్

పుంగనూరులో మా చరిత్ర మేడం పోయారని సోమవారం పొద్దున ఫోన్ వచ్చింది. చేసింది రామకుప్పం అమ్మాయి, నాతో చదువుకున్నదే. ఈ కబురు కూడా నాకంటే ముందు దానికే తెలిసిందా అని, ఏడుపు కంటే ముందు కుళ్లు పుట్టింది. దాచుకోను.

మేడం పాఠానికి ఒక పాత తెల్లదుప్పటి నేలమీద పరిచేవారు. దానిమీద సిరాతో మధ్యధరా సముద్రం ఆవిడే గీశారు. గ్రీకు రాజ్యాల మీద వేరుశనక్కాయలు, రోము మీద గుప్పెడు రాగులు. వాటిలో ఒకటైన పెర్గమోన్ పాఠం రోజు అక్కడి కాయలు తీసేసి రాగులు పోసేవారు.

"ఆడి రాజుకు బిడ్డల్లేరమ్మా. సచ్చేముందు రాజ్యాన్ని రోముకు వీలునామా రాసిపెట్టినాడు. ఆడుండే జనాన్ని ఎవురన్నా అడిగినారా?"

రాజవంశం వాణ్ణంటూ ఒకడు ఆ రాజ్యం నాదని తిరగబడ్డాడు. కొన్నేళ్లు పోరాడి ఓడాడు. పెర్గమోన్ రోములో ఒక రాష్ట్రమైపోయింది. మేడం ఈ కథను క్లాసులో మాచేత ఆడించేవారు. తిరగబడేవాడి వేషం నేనక్కడ చదివిన మూడేళ్లూ నాదే. వీలునామా చదివే రాజు వేషం రామకుప్పం దానిది. తీసిన కాయలన్నీ దాని ఒళ్లోకే.

"యాల మేడం, ఎప్పుడూ దానికేనా?" అని ఒకసారి అడిగేశాను.

"వాళ్ల రాగిచేను ఏనుగులు తొక్కేసినాయి, తెల్సునా? నీకు కోపముండాది. ఆ వేషానికి కోపమే కావల్ల."

అర్థమైంది, కానీ కుళ్లు తగ్గలేదు. ఆ కోపంతోనే చదివి మదనపల్లెలో చరిత్ర టీచరునయ్యాను. అది ఆవిడ చలవే.

పెళ్లి చేసుకోని మేడం దుప్పటి నాకే వస్తుందని ఎన్నేళ్లుగానో నమ్మకం. మూడోరోజు వాళ్లింట్లో ఆవిడ తమ్ముడు, మేడం రాసిపెట్టిన చీటీ చదివారు. దుప్పటి రామకుప్పం దానికి! చరిత్ర చెప్పేది నేను, కుప్పం బస్సులో టికెట్లు కొట్టేది అది.

"ఆ కొసలు పట్టుకో మే, మడతబెడదాం," అంది అది. కళ్లు వాచిపోయి ఉన్నాయి.

రెండు కొసలు దానివి, రెండు నావి. అది నావైపు నడిచొచ్చింది, మా మధ్య సముద్రం సగానికి మడతపడింది. నా కొసలు అందుకోవడానికి చెయ్యి చాపింది. పెర్గమోన్ పోరులో ఎవరు గెలిచారో ఏటా పిల్లలకు చెప్పేదాన్నే. అయినా నా వేళ్లు వదల్లేదు.