యోహాను తాత వెనకడుగులు

2023. కావలిలో ఒక చిన్న ఫిజియోథెరపీ సెంటర్లో హెల్పర్‌ని. చదివింది పదో తరగతే, పనంతా చూసి చూసి నేర్చుకున్నదే. వారానికి మూడు రోజులు జువ్వలదిన్నె వెళ్లి యోహాను తాత చేత నడక చేయించాలి. నలభై ఏళ్లు సముద్రం మీద వేటకు పోయిన మనిషి. పార్కిన్సన్ జబ్బు వచ్చాక నీళ్ల గ్లాసు కూడా ఒలకకుండా పట్టుకోలేకపోయాడు.

తాతను చూసే డాక్టరుగారు లెవోడోపా రాశారు. మెదడులో తగ్గిపోయిన డోపమైన్‌ని భర్తీ చేసే మందు అది. కొన్ని వారాలకే వణుకు తగ్గింది, అడుగు సాగింది. నాకైతే సంతోషం ఆగలేదు.

మళ్లీ తీసుకెళ్లి చూపిస్తే డాక్టరుగారు మాత్రం పుల్ టెస్ట్ చేశారు. వెనక నిలబడి భుజాలు పట్టుకుని గబుక్కున లాగుతారు. మనమైతే ఒకటి రెండడుగులు వెనక్కి వేసి ఆగిపోతాం. ఆలోచించకుండా కాళ్లు చేసే ఆ పనినే పోశ్చురల్ రిఫ్లెక్స్ అంటారు. తాత ఆగలేదు. చిన్న చిన్న అడుగులతో వెనక్కే పోయి డాక్టరుగారి చేతుల్లో పడ్డాడు.

"వణుకు తగ్గినంతగా ఇది తగ్గదు. ఇంట్లోవాళ్లకు తప్పకుండా చెప్పు" అన్నారు నాతో.

నేను చెప్పానా? తాత భార్య మరియమ్మవ్వ "బాగైనట్టేనామ్మే?" అని అడిగితే, ఆమె మొహం చూసి "ఇంక దిగుల్లేదవ్వా!" అనేశాను. మిగతాది తర్వాత చెప్దాంలే అనుకున్నాను.

మళ్లీ వెళ్లేసరికి మంచం ఖాళీ.

"అవ్వా, తాతేడీ?"

"పడవ చూసొస్తానని రేవుకు పొయినాడు. దిగుల్లేదని నువ్వే గదా చెప్పినావు!"

రేవుకు పరిగెత్తాను. గట్టు మీంచి పడవకు వేసిన చెక్క మీద తాత ఒక కాలు పెట్టేశాడు. కింద నీళ్లు. పిలిస్తే తిరుగుతాడు, తిరిగేటప్పుడే పడతాడు. అంత వాగుడుకాయని, నోరు మూసుకుని తాత వెనక్కి చేరాను.

పడవ ఊగింది, చెక్క కదిలింది. తాత వెనక్కి ఒక అడుగు, ఇంకోటి, ఇంకోటి. నడుం పట్టుకున్నాను. ఇద్దరం వలల కుప్ప మీద కూలబడ్డాం.

"ఎవురు? నువ్వామే? ఎప్పుడొచ్చినావు?"

"నీ వెనకే ఉన్నా తాతా."

"చూడు, ఇప్పుడేమన్నా వణకతన్నాయా?" అని రెండు చేతులూ చాచాడు. నిజమే, ఆయనవి వణకడం లేదు. నావే వణుకుతున్నాయి.

తాత నడిచేటప్పుడు వెనక ఎలా నిలబడాలో అవ్వకు ఆ రోజే నేర్పాను. ఇప్పుడు ఎవరింట్లో మందు బాగా పనిచేసినా, సంతోషపడే ముందు ఆ మిగతా మాట చెప్పేస్తాను.